వార్నిషు కింది పోగు

నేను ఒక వాలుగ చేప దవడను. గొంతు లేదు, నాలుక లేదు. ఉన్నవల్లా వరసలు వరసలుగా సన్నని పళ్లు. నోటిలో ఒక ముక్క మాత్రమే మిగిలినది ఇంత మాట్లాడుతోందేమని మీరు ఆశ్చర్యపోవచ్చు. నోరు మొత్తం ఉన్నవారు చెప్పవలసిన మాట చెప్పకుండా ఊరుకోవడం వల్లనే నా కథ ఇలా అయింది. కనుక నేనే చెప్పాలి.

గోదావరిలో పుట్టాను. వలలో పడ్డ రోజున నా శరీరాన్ని ఎవరో పులుసు పెట్టుకున్నారు. దవడను మాత్రం ఎండబెట్టి, శ్రీకాకుళం వైపు నూలు వడికే ఊళ్లలో తిరిగే ఒక ముసలాయన గంపలో వేశారు. ఆ గంపలోంచి నన్ను ఏరుకున్నది దాలమ్మ. అప్పటికి ఆమెకు నలభై దాటలేదు. పది దవడలను వరసగా తన ముంజేతి మీద గీసి చూసి, అన్నిటికంటె గట్టిగా గీరిన నన్నే తీసుకుంది. వెదురు పుల్లకు నూలుతో బిగించి పిడి అమర్చింది. ఆ ఇంట్లో వాలుగ చేప వండరు. ఎందుకని ఎవరైనా అడిగితే, "అన్నం పెట్టిన నోటిని తింటామేటి?" అనేది.

నా పని చిన్నది. కొండపత్తిని గింజతో ఉండగానే వేళ్ల మధ్య పట్టుకుని, ఆ గింజ చుట్టూ ఉన్న పీచును నా పళ్లతో దువ్వాలి. చెత్తా, పొట్టి పీచూ నా దగ్గర ఆగిపోతాయి. నిడుపాటి పీచు పట్టులా నిలుస్తుంది. తరువాత చెక్క మీద ఇనప కడ్డీ దొర్లించి గింజ తీస్తారు. నారి కట్టిన విల్లుతో పత్తిని ఎగరగొట్టి, వేలెడేసి ఏకులు చుట్టి, ఎండిన అరటి దొప్పలో దాస్తారు. అక్కడినుంచి రాట్నం, మగ్గం, గంజి, మడత. కట్టుకున్న గుడ్డ మెత్తదనాన్ని మెచ్చుకునేవారు చేపను తలుచుకోరు. నాకు దాని మీద ఫిర్యాదు లేదు.

అయితే కొత్త దవడ పత్తిని దువ్వదు, కరుస్తుంది. ఒకే చెయ్యి, ఒకే వాటాన, రెండేళ్లపాటు దువ్వితేగాని పళ్ల మొనలు ఏటవాలుగా అరిగి దారికి రావు. నా అరుగుదల అంతా దాలమ్మ మణికట్టు రాసిన రాత. దాన్ని చదవగలిగిన వారికి ఆమె చెయ్యి అర్థమవుతుంది.

కాలక్రమంలో ఊళ్లో రాట్నాలు అటకలెక్కాయి. దాలమ్మ కొడుకు పెళ్లాం తవిటమ్మ జీడిపిక్కల కార్ఖానాలో పిక్కలు కొట్టేది. జీడి రసానికి ఆమె వేళ్లు నల్లబడి, పొలుసులు లేచి ఉండేవి. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి నన్ను ముట్టుకోబోతే దాలమ్మ లాక్కుంది.

"ఏటే తవిటీ, ఆ జీడి సేతుల్తోటా? పత్తి మల్లీ తెల్లబడతాదేటి?"

"కడుక్కొచ్చినానత్తా."

"కడిగితే పోద్దేటే జీడి! ఏకై వొచ్చినావు, మేకై కూకున్నావు. నా కాడ ఇదొక్కటే మిగిలింది. దీన్నొగ్గీ."

పత్తి ఇంట పుట్టిన సామెత కనుక ఆ ఇంట్లో అది మరీ లోతుగా దిగింది. పదకొండేళ్లు తవిటమ్మ నా జోలికి రాలేదు.

అప్పుడు మాళవిక వచ్చింది. హైదరాబాదులో వస్త్రవిద్య చదువుకున్న పిల్ల. మూలబడిన చేతి నేతను గింజ దగ్గరనుంచి గుడ్డ దాకా తిరిగి నిలబెట్టాలని ఒక సంస్థ తరఫున ఊళ్లో కేంద్రం తెరిచింది. ఎక్కడో కొండల్లో వెతికి విత్తనం తెచ్చి, రైతుల చేత పత్తి వేయించింది. మంచి మనిషి. ఈ కథలో చెడ్డవారెవరూ లేరు; చిక్కల్లా అదే.

దువ్వడం నేర్పమని దాలమ్మను అడిగింది. అప్పటికి దాలమ్మ కళ్లకు పొరలు కమ్మాయి. ఎదుటి మనిషి మసకగా ఒక నీడ. "నా సెయ్యి పోకముందు ఒక్కర్తికైనా అప్పగించీవాలమ్మా" అని ఒప్పుకుంది. ఆమెకు మిగిలిన కోరిక అదొక్కటే. వచ్చిన ఆడపిల్లలు మగ్గం మీదికీ కుట్టుమిషన్ల మీదికీ పోయారు. గింజ గింజా దువ్వే ఓపిక ఎవరికీ లేదు.

ఒక మధ్యాహ్నం ఎవరో నిశ్శబ్దంగా వచ్చి ఎదురుగా కూర్చుని చేతులు చాపారు. దాలమ్మ వేళ్లు తడిమింది. నునుపుగా, ఆముదం వాసనతో ఉన్నాయి.

"ఎవులివే ఈ సేతులు?"

"నావేనత్తా. కార్ఖానా మానీసి ఎనిమిది నెల్లయింది గదా. తోలంతా ఊడి కొత్తదొచ్చింది."

దాలమ్మ చాలాసేపు ఆ వేళ్లను వదలలేదు. తరువాత నన్ను వాటి మధ్య పెట్టి, పైన తన చెయ్యి వేసింది.

నాలుగు నెలలు అలా రెండు చేతుల కింద పని చేశాను. ఒక ఉదయం తవిటమ్మ దువ్విన పత్తితో చుట్టిన ఏకును దాలమ్మ చెంపకు ఆనించుకుంది.

"ఇదీ ఏకంటే."

"మేకు కాదేటత్తా?"

"నోర్ముయ్యే. దువ్వు."

తవిటమ్మ నవ్వింది. నవ్వుతూ దువ్వినప్పుడు ఒక పోగు నా పళ్ల మధ్య ఇరుక్కుంది.

ఆ సాయంత్రమే మాళవిక ఫొటోల కోసం నన్ను వారం రోజులకు అడిగింది. "భద్రమమ్మా" అంది దాలమ్మ. ఈ ఒక్క మాటే మమ్మల్ని దెబ్బ తీసింది. దాలమ్మ దృష్టిలో భద్రమంటే రోజూ చేతిలో ఉండటం. మాళవిక చదువులో భద్రమంటే ఇక చెడకుండా నిలిపివేయడం. నీచు వాసన పోవడానికి నన్ను సోడా నీళ్లలో ఉడికించింది. పురుగు పట్టకుండా మూడు పూతలు వార్నిషు వేసింది. మఖమలు పెట్టెలో పెట్టి, కళ్లు మెరుస్తుండగా తెచ్చి ఇచ్చింది.

"ఇంక వందేళ్లు దీనికి ఢోకా లేదు, అమ్మమ్మా!"

దాలమ్మ బొటనవేలు నా మీద నడిచింది. మొనలు లేవు. గింజ పట్టుకుని ఒక్కసారి దువ్వింది. పత్తి గాజు మీద నీటిలా జారిపోయింది.

"బాగుందమ్మా" అంది. "మెరిసిపోతన్నాది గావాల."

మాళవిక వెళ్లాక తవిటమ్మ ఆగలేకపోయింది. "ఎందుకు సెప్పలేదత్తా?"

"సెప్తే పళ్లు తిరిగొస్తాయేటే? ఆ గుంట ఏడిస్తాది. ఏడిసి ఎల్లిపోతే? అదొచ్చినాకే గదే మన గుమ్మంలోకి మల్లీ పత్తొచ్చింది."

కొత్త దవడ తెప్పించుకున్నారు. దాన్ని సాధు చేయడానికి దాలమ్మ దగ్గర రెండేళ్లు లేవు. ఆ దవడ ఇంకా కరుస్తూండగానే, వానాకాలం మొదట్లో, ఆమె పోయింది.

ఆమె పోయాక నన్ను కేంద్రానికి ఇచ్చేశారు. ఇప్పుడు అక్కడ అద్దాల బీరువాలో, పిడికి దారం కట్టి, ఒక మేకుకు వేలాడుతున్నాను. ఏకుల కోసం అరిగినదాన్ని. పక్కగదిలో ఉక్కు దువ్వెనలతో పని జరుగుతుంది. గుడ్డలకు కట్టే చీటీ మీద మాత్రం నా బొమ్మ ఉంటుంది.

నిన్న తవిటమ్మ వచ్చింది. కొంగులోంచి తన దవడ తీసి, బీరువా తెరవమని మాళవికను అడిగింది.

"ఒక్కపాలి పక్కన పెట్టి సూసుకుంటానమ్మా. అత్త ఏ వాటాన పట్టేదో దీని అరుగుదల్లో ఉంటాది. నాకు సగమే వొచ్చింది, మిగతాది దీన్నడగాలి."

మాళవిక తాళం తీసింది. తవిటమ్మ నా పళ్ల మీద వేలు నడిపింది, ఇటునుంచి అటు, అటునుంచి ఇటు. వెలుతురుకు ఎత్తి చూసింది.

"తెలవట్లేదమ్మా. పూత కప్పీసింది."

మాళవిక ముఖం పాలిపోయింది. "గీకేస్తే?" అంది చిన్న గొంతుతో.

"గీకితే అరుగుదల కూడా పోద్ది."

తవిటమ్మ నన్ను మళ్లీ మేకుకు తగిలించబోయి ఆగింది. నా పళ్ల మధ్య, పూత కింద, ఆ ఉదయపు పోగు తెల్లగా కనిపించింది. గోటితో లాగింది. రాలేదు.

"ఇది నేను దువ్విందేనమ్మా" అంది. ఆముదం రాసిన వేలిని ఆ పోగు మీద, వార్నిషు మీద, అలాగే ఉంచింది.