ఆవిరిలో పడ్డ గూడు

ఈ సైద్‌మురాద్, అంటే నేను, నోరు తెరిస్తే సగం గాలి కబుర్లేనని మా లోయలో ఎవరినడిగినా చెబుతారు. నా పట్టుపురుగులు ఆకు నమిలే చప్పుడుకు వాన మొదలైందనుకుని పొరుగింటాయన ఆరేసిన పరుపులన్నీ లోపలికి మోసుకెళ్ళాడని ప్రచారం చేసింది నేనే. కానీ పురుగులను పెంచడంలో నాకు సాటి లేదన్నది నిజం. అందుకే సనవ్‌బర్ ఆ గొంగళిపురుగును నా దగ్గరికే తెచ్చింది.

ఆమెది మా గోడ అవతలి ఇల్లు. యుద్ధం మొగుణ్ణి తీసుకుపోయి, ఐదు మల్బరీ చెట్లను మిగిల్చింది. రొట్టె దొరకని ఆ చలికాలమంతా ఎండు మల్బరీ పండ్లు దంచిన పిండితోనే ఆమె, ఇద్దరు ఆడపిల్లలూ బతికారు. ఆ వసంతంలో చెట్ల ఆకులు ముడుచుకున్నాయి. విప్పితే లోపల సన్నటి ఆకుపచ్చ పురుగులు.

తోటల అధికారి రౌఫ్ వచ్చి చూసి పెదవి విరిచాడు. “ఇది మన పాత పురుగైతే భయం లేదు. కింది లోయలో చెట్లన్నిటినీ చంపిన కొత్తదైతే మాత్రం ఊరికంతా పాకుతుంది. ఇప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి. రెక్కలొస్తే తెలుస్తుంది. కొత్తదాని రెక్కకు గోధుమరంగు అంచు, పాతది ఉత్త బూడిదరంగు. ఇరవై రోజుల్లో చూపించండి. లేదంటే ఐదు చెట్లూ కొట్టేస్తాం.”

“అకా, అన్నలాంటివాడివి, దీన్ని నీ చేతుల్లో పెడుతున్నా,” అంది సనవ్‌బర్, ఆకుతో సహా పురుగును గిన్నెలో వేసి. “నీ కథలు మాత్రం దానికి చెప్పకు. నవ్వి చస్తుంది.”

“నవ్వే పురుగును కూడా పెంచానమ్మా, ఒక ఏడాది...”

“చాలు చాలు!”

గిన్నె మీద పలచటి గుడ్డ కట్టాను. రోజుకు మూడుసార్లు తడి తుడిచిన లేత ఆకు పెట్టాను. అది తిన్నది, పెరిగింది, పన్నెండో రోజున ఆకు మడతలో తెల్లగా పలచటి గూడు అల్లుకుంది. గోడ మీదుగా కేక వేసి చెప్పాను. అవతల పిల్లలు చప్పట్లు కొట్టారు.

సరిగ్గా అప్పుడే మా పట్టుగూళ్ళు కోతకొచ్చాయి. పెరట్లో పెద్ద కళాయిలో నీళ్ళు మరుగుతున్నాయి. రెక్కల పురుగు గూడు చీల్చుకుని బయటికొస్తే పట్టుదారం పాడవుతుంది. అందుకే లోపలున్నదాన్ని ఆవిరితో చంపేస్తాం. నలభై ఏళ్ళుగా మా ఇంట్లో ఏ గూటికీ రెక్కలు రానివ్వలేదు.

“ఇంకేమైనా మిగిలాయా?” అని అరిచింది మా ఆవిడ.

నేను గది చుట్టూ చూశాను. కిటికీలో గిన్నె, గిన్నెలో గూడు. “ఒకటుంది,” అని అందించాను. కళాయి మీది ఆవిరి జల్లెడకు మూత పడ్డాక తెలిసింది ఏం చేశానో.

ఇంకొకదాని కోసం చెట్లన్నీ ఎక్కాను. ఆకుల్లో ఒక్కటీ లేదు. గూళ్ళు కట్టుకోవడానికి ఎప్పుడో బెరడు పగుళ్ళలోకి దూరిపోయాయి. రెండు రోజులు గోళ్ళు ఊడేలా బెరడు ఒలిచాను. దొరకలేదు.

“ఉడకబెట్టావా?” అని నవ్వాడు రౌఫ్. “ముసలాయనా, ఇంకో కథ మొదలుపెట్టకు.” జన్మలో ఒక్కసారి నిజం చెబితే ఊరంతా నవ్వింది. సనవ్‌బర్ నవ్వలేదు.

ఇరవై ఒకటో రోజున రంపం వచ్చింది. సాయంత్రానికి ఆమె పెరట్లో దుంగల కుప్ప మిగిలింది.

ఐదు రోజుల తర్వాత ఆ దుంగలు పేర్చడానికి వెళ్ళాను. బెరడు మీద ఒక రెక్కల పురుగు కూర్చుని తడి రెక్కలు ఆరబెట్టుకుంటోంది. దగ్గరికి వంగి చూశాను. ఉత్త బూడిదరంగు. టోపీ తీసి దాని మీద బోర్లించాను.

వెనకనుంచి సనవ్‌బర్ గొంతు. “అదేనా, అకా?”

“అదే.”

“అంచు ఉందా?” ఆమె దగ్గరికి రాలేదు. “ఊరంతా నిన్ను అబద్ధాలకోరంటారు. ఈ ఒక్కసారి నిజం చెప్పు. కొట్టెయ్యాల్సిన చెట్లేనా అవి?”

టోపీని గట్టిగా అదిమాను. “ఉందమ్మా. వేలెడు వెడల్పున, గోధుమరంగు అంచు. ఉంచితే ఊళ్ళో చెట్లన్నీ పోయేవి.”

ఆమె తల ఊపింది. నమ్మింది. లోపలికి వెళ్ళి, నిరుటి మల్బరీ పిండిలో అడుగున మిగిలిన గుప్పెడు గిన్నెలో తెచ్చి నా ముందు పెట్టింది.

“తిను, అకా. మా కోసం చాలా కష్టపడ్డావు.”

తిన్నాను.