పాలు పిండేవాళ్ళకి ఫోనివ్వండి

"పాలు పొంగుతున్నాయని మీ ఆవిడకి చెప్పు" అంది అత్తయ్య, హాల్లో పేపరు చూస్తున్న మా ఆయనతో. నేను ఆ పాలగిన్నె ముందే నిలబడి ఉన్నాను. గరిటె కూడా నా చేతిలోనే ఉంది. అయినా సరే, ఆ మాట వంటింటి గుమ్మంలోంచి బయల్దేరి, హాల్లోకి వెళ్ళి, మా ఆయన దగ్గర కాసేపు కూచుని, "అమ్మ ఏదో అంటోంది చూడు" అయి నా దగ్గరికి వచ్చేసరికి నేను స్టవ్ కట్టేసి గట్టు కూడా తుడిచేశాను. మా ఇంట్లో ఏ మాటా నాకు నేరుగా రాదు. అత్తయ్యకి నామీద కోపమని కాదు, అలా అలవాటైపోయింది అంతే. పెళ్ళైన కొత్తలో ఒళ్ళు మండిపోయేది. కూరలో ఉప్పు తక్కువైందన్న సంగతి కూడా మొగుడి ద్వారా తెలుసుకోవలసిన ఖర్మేమిటని ఏడ్చిన రోజులున్నాయి. ఇప్పుడు ఏడవను. ఆ గిన్నె కడిగి బోర్లించి, చీర సర్దుకుని, నాతో సూటిగా మాట్లాడే మనుషుల దగ్గరికి వెళ్ళిపోతాను.

రైతులకి ఫోన్లో సలహాలు చెప్పే ఆఫీసు మాది. పొడుగాటి గది, వరసగా బల్లలు, బల్లకో కంప్యూటరు, తలకి తగిలించుకునే ఫోను. పక్క సీటావిడది పంటల లైను. ఆకు ముడుచుకుపోయినా, పూత రాలిపోయినా ఆవిడ చూసుకుంటుంది. నాది పశువుల లైను. మేత ముట్టని ఆవులు, ఈనలేక అవస్థపడే గేదెలు, పేడని ఎరువు చేసే పద్ధతి, పాక కడిగిన నీళ్ళు బావివైపు పోకుండా ఎటు మళ్ళించాలన్నది, అన్నీ నావే. "మా ఆవిడ పేడ గురించి మాట్లాడి జీతం తెస్తుందిరా" అని మా ఆయన స్నేహితుల ముందు అంటాడు. వాళ్ళు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. అననీ. నాకీ ఉద్యోగమంటే ప్రాణం. నేనొక మాట చెబితే అవతలి మనిషి "ఉండండి మేడమ్, రాసుకుంటా" అని పెన్ను కోసం వెతుక్కుంటాడు. ఇంట్లో నా మాటకి పెన్ను వెతుక్కున్న మనిషిని ఇంతవరకూ చూడలేదు.

ఇంత ఇష్టమైన ఉద్యోగాన్ని సరేసరే గారి మూలాన ఈమధ్య పోగొట్టుకోబోయాను. ఆ పేరు మేం పెట్టుకున్నదే. ఆయన ఆవుకి పొదుగువాపు. ఒక చన్ను రాయిలా గట్టిపడి, పాలలో విరుగులు వస్తాయి. పశువుల డాక్టరు మందిస్తే తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. మళ్ళీ మళ్ళీ ఎందుకొస్తోందో చెప్పడం నా పని. పిండేముందు పొదుగు కడిగి పొడిబట్టతో తుడవాలి, జబ్బు చేసిన చన్ను ఆఖరున పిండాలి, పిండిన వెంటనే ఆవుని పడుకోనివ్వకుండా గడ్డి వేసి నిలబెట్టాలి, ఎందుకంటే చనురంధ్రం కాసేపు తెరుచుకునే ఉంటుంది, పేడలో పడుకుంటే మురికంతా లోపలికి పోతుంది. పాక పొడిగా ఉండాలి, చెడిన పాలు అందులో పారబొయ్యకూడదు. నేను ఇదంతా వివరంగా చెబుతాను, ఆయన ప్రతిదానికీ "సరే సరే" అంటాడు. కొన్నాళ్ళకి అదే ఆవు, అదే చన్ను, అదే ఫోను.

ఈసారి నాకు ఓపిక పోయింది. "పొదుగు దేనితో తుడుస్తున్నారు?" అని అడిగాను.

"బట్టతోనే అయ్యుంటుందండీ."

"గడ్డి ఎప్పుడేస్తున్నారు?"

"వేళకే వేస్తూ ఉంటారండీ."

ఆయన ఏనాడూ ఆ ఆవు పక్కన గొంతుక్కూచోలేదని అప్పుడర్థమైంది. వెనకాల ఎక్కడో బకెట్టు చప్పుడైంది. "నేను చెప్పినవన్నీ మీ ఇంట్లో ఆవిడకి చెప్పారా?" అన్నాను.

"ఆవిడకి చెప్పేదేముందండీ. పాక పనంతా ఆవిడకి అలవాటే."

నాకు చర్రున కోపం వచ్చింది. నేను గొంతు నొప్పెట్టేలా చెప్పినవన్నీ ఆయన చొక్కా జేబు దాటలేదన్నమాట. పాకలో ఆవిడ ఎప్పటిలాగే పిండుకుంటోంది, ఆవు ఎప్పటిలాగే పడుకుంటోంది, జబ్బు తిరగబెడితే "నీకు ఒక్క ఆవుని చూసుకోవడం చేతకాదు" అని మాటలు కూడా ఆవిడే పడుతూ ఉండి ఉంటుంది. అనలేదని ఎవరైనా చెప్తే నమ్మను.

"పాలు పిండేవాళ్ళకి ఫోనివ్వండి" అన్నాను.

"ఇప్పుడు పిండుతోందండీ. రెండు చేతులూ ఖాళీ లేవు."

"మీవి ఖాళీయేగా. ఆవిడ చెవి దగ్గర పట్టుకోండి."

ఆయన లేచినట్టున్నాడు. అడుగుల చప్పుడు, ఆవు బుసకొట్టడం, బకెట్లో పాలధార చప్పుడు వినపడ్డాయి. "ఎవరు?" అంది ఒక ఆడగొంతు, అనుమానంగా.

"పశువుల సలహా ఆఫీసు నుంచమ్మా."

"ఆయనతో మాట్లాడండి మరి."

"ఆయనతో మాట్లాడ్డం అయిపోయింది. ఇప్పుడు మీతోనే పని."

పాలధార ఆగింది. మళ్ళీ మొదలైంది. మొదటినుంచీ అన్నీ చెప్పుకొచ్చాను. ఆవిడ ఒక్కసారి కూడా సరే అనలేదు. "అది గడ్డి వేస్తేగాని పిండనివ్వదు కదమ్మా. పిండాక వెయ్యమంటే, అప్పటిదాకా నన్ను తన్నదా?" అంది. నిజమే. అంతవరకూ నాకు ఆ ఆలోచనే రాలేదు, నన్నెవరూ అడగనూ లేదు. ఇద్దరం కలిసి ఆలోచించాం. ముందు కాస్త దాణా పెట్టి మరిపించి, పిండడం అయ్యాక గడ్డి వేస్తే నిలబడే తింటుందని తేలింది. ఆ చెడిన పాలు ఎక్కడ పొయ్యాలని అడిగింది. ఇన్నాళ్ళూ పాకలోనే ఓ మూల పారబోస్తోందట. దూరంగా గుంట తీసి, అందులో పోసి, సున్నం చల్లి మట్టి కప్పమన్నాను. "ఈ ముక్క ముందే చెప్తే ఏం పోయింది" అని ఆవిడ అన్నది నన్ను కాదు. మధ్యలో "సరిగ్గా పట్టుకో, చెయ్యి జారుతోంది" అన్నది కూడా నన్ను కాదు. నవ్వాపుకోలేక చచ్చాను.

ఆ మర్నాడు సూపర్‌వైజర్ పిలిచాడు. పెద్దాయన, నెమ్మదస్తుడు, ఎవర్నీ కసరడు. అందుకే ఆయనతో వాదించడం కష్టం. "ఏంటమ్మా ఇంతసేపు మాట్లాడావు? పైగా ఎవరితో? మన దగ్గర నమోదైన పేరు ఆయనది. నమోదైన పేరుతోనే మాట్లాడాలని రూలుంది కదా. ఇంకోసారి ఇలా అయితే నిన్ను రికార్డింగు గదిలో వెయ్యక తప్పదు" అన్నాడు. రికార్డింగు గదంటే అద్దాల తలుపు వేసుకుని మైకులో సలహాలు చదవడం. అవతల ఎవరూ ఉండరు, ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు. ఇంట్లో మాట నా దాకా రాదు, ఇక్కడ నా మాట ఎవరిదాకా వెళ్తోందో తెలియకుండా చేస్తారా అని దుఃఖం వచ్చింది.

ఇంటికెళ్ళి మా ఆయనతో చెప్పాను. "నీకెందుకొచ్చిన గొడవ. ఆయనకి చెప్తే ఆయన చెప్పుకుంటాడు" అన్నాడు, బూట్లు విప్పుకుంటూ. చెడ్డవాడు కాడు. చెప్పుకుంటాడని నిజంగానే నమ్ముతున్నాడు.

మర్నాడు సీట్లో కూచున్నాక ఆలోచించాను. నమోదైన పేరుతోనే మాట్లాడాలన్నారు. ఆ పేరు మగవాడిదే అయ్యుండాలని ఎవరూ అనలేదు. రైతు ఫోన్లో అడిగితే పేరు మార్చే వీలు నా కంప్యూటర్లోనే ఉంది. అంతే, ఆరోజు నుంచి ప్రతి ఫోనుకీ చివర్లో మర్యాదగా అడగడం మొదలుపెట్టాను. "పాక పని చూసుకునేవాళ్ళ పేరు రాయమంటారా అండీ?" కొందరు నవ్వేశారు. ఒకాయన "పశువులు నావి మేడమ్" అని విసుక్కున్నాడు. ఒకాయన మాత్రం "నేనే పిండుతానండీ" అన్నాడు, ఆయన్ని అడిగినవన్నిటికీ టకటకా జవాబులు చెప్పాడు. ఆయన పేరు ఉంచేశాను. పక్క సీటావిడ నావైపు ఓరగా చూసి, తనూ "కలుపు తీసేదెవరండీ?" అని అడగడం మొదలుపెట్టింది. సూపర్‌వైజర్ మా వెనక నిలబడి వింటూ ఉండేవాడు. కాదనడానికి ఆయనకి రూలు దొరకలేదు.

నిన్న సరేసరే గారు ఫోన్ చేశాడు. మళ్ళీ వాచిందా అని అడిగాను. "లేదండీ, ఆవు బాగానే ఉంది" అన్నాడు. "కాకపోతే మా ఆవిడ ఇంకేవో అడగాలంటోంది, పేడకుప్ప సంగతి, దూడ సంగతి. ప్రతిసారీ నేను ఫోను పట్టుకుని నిలబడాలంటే నా వల్ల కావడం లేదు, రెక్క లాగుతోంది. ఆ పేరేదో తనదే రాసేసుకోండి."

పేరు కొట్టేసి కొత్త పేరు రాశాను. అక్షరాలు సరిచూసుకోవడానికి రెండుసార్లు చదివాను. ఇకనుంచి ఈ ఆఫీసు నుంచి వచ్చే ఫోన్లన్నీ ఆవిడకే వస్తాయని చెప్పాను.

ఆయన పెట్టెయ్యలేదు. గొంతు సవరించుకుని, "మరి నాకెవరు చెప్తారండీ?" అన్నాడు.

"ఆవిడని అడగండి" అన్నాను.