శాలువాల పేజీ

నా పక్కనే ఉండేది పరీక్షా ఫలితాల పేజీ. దాని గడపకు రాకపోకలు ఎక్కువ, నోటికి అదుపు తక్కువ. లైబ్రరీ పేజీ దానికి చెప్పిందట, అది నాకు చెప్పింది: నా చోటికి కొత్తదాన్ని తెస్తున్నారని, అది నాకంటే చక్కనిదని, చేతిఫోనులో కూడా ఒద్దికగా ఒదుగుతుందని.

నేను ఒక వెబ్‌పేజీని. చిన్నేరుపల్లె డిగ్రీ కాలేజీలో బీఎస్సీ పట్టుపరిశ్రమ కోర్సు గురించి, చేరబోయే పిల్లలకు చెప్పడానికి పుట్టినదాన్ని. పుట్టించినవాడు బస్టాండు ముందర నెట్ సెంటరు నడిపే ఖాదర్‌బాషా. పెళ్లిపత్రికల కోసం దాచుకున్న మామిడాకుల తోరణం బొమ్మ తెచ్చి నా తలకు కట్టాడు. మిగతా అలంకారమంతా విభాగాధిపతి ఓబులపతి సారుది. ఆయనకు ఎవరు ఎక్కడ శాలువా కప్పినా సాయంత్రానికల్లా ఆ ఫోటో నా ఒంటిమీదికి వచ్చేది. మంత్రిగారు కప్పిన ఎర్రది, వర్తక సంఘం వాళ్లు కప్పిన పసుపుది, పదవీ విరమణ చేసేది వేరొకరైనా పొరపాటున ఈయనకు కప్పిన పచ్చది. పాఠాల సంగతి అడుగున ఎక్కడో ఉండేది. అంత లోతుకు దిగినవాళ్లు తక్కువ. అయినా నేను ఏనాడూ చిన్నబోలేదు. పొద్దున్నే సారు నన్ను తెరిచి, తనను తాను చూసుకుని, మూసేవాడు. ఒక మనిషి రోజూ వచ్చి చూసిపోతుంటే ఏ పేజీకైనా తాను అందగత్తెనే అనిపిస్తుంది.

నిరుడు సగం సీట్లు మిగిలిపోయాయి. ఈ ఏడూ నిండకపోతే కోర్సు ఎత్తేస్తామని విశ్వవిద్యాలయం కబురు పెట్టింది. కోర్సు పోతే కొత్త లెక్చరర్ హసీనా మేడం ఉద్యోగమూ పోతుంది. ఆమె నడుం బిగించి, నా చోటికి ఆ కొత్త పేజీని, అదే నా సవతిని, తయారుచేయడానికి పూనుకుంది. చేరేముందు మీకేం సందేహాలుండేవని పిల్లల్ని కూర్చోబెట్టి అడిగింది. వాళ్లు అడిగినవీ, వాటికి జవాబులూ నా సవతి ఒంటిమీద పెట్టింది. ఆడపిల్లలకు హాస్టలుందా? పురుగుల్ని చేత్తో పట్టుకోవాలా? చదివినాక పని ఎక్కడ దొరుకుతుంది? ఫోటో ఒకే ఒక్కటి: నవ్వుకుంటూ పట్టుగూళ్లు ఏరుతున్న ఆడపిల్లలు.

నాకు ఒళ్లు మండింది. తోరణం లేదు, దండ లేదు, బోడి మెడేసుకుని నిలబడినా చూపు తిప్పుకోనివ్వదు. దాన్ని ఎవరూ తెరవకూడదని కోరుకున్నాను. తెరవకపోతే పిల్లలు చేరరు. చేరకపోతే కోర్సే ఉండదు, కోర్సు లేనినాడు నాకూ చోటుండదు. తెలిసే కోరుకున్నాను.

ఏది ఉంచాలో తేల్చడానికి ప్రిన్సిపాలు గారు పిల్లలతో సహా అందరినీ కంప్యూటర్ ల్యాబులో కూర్చోబెట్టి, మా ఇద్దరినీ గోడమీది తెరపై పక్కపక్కన నిలబెట్టారు, పెళ్లిచూపులకు మల్లే. ఓబులపతి సారు సవతిని పైనుంచి కిందిదాకా చూసి, "ఇందులో నేనేడుండాను మేడం?" అన్నాడు. ఆమె పేజీని కిందికి జరుపుకుంటూ పోయి చివర్న ఆయన పేరూ ఫోను నంబరూ చూపించింది. శాలువా లేదు. సారు మొహం మాడిపోయింది. నా కడుపుమంట తెలిసిన మనిషి లోకంలో ఒకడున్నాడని నాకు ప్రాణం లేచివచ్చింది.

సారు వెనక్కి తిరిగి, రెండో ఏడాది చదువుతున్న శివగంగమ్మను లేపాడు.

"నువ్వు చెప్పు పాపా. మీరంతా ఈ పాత పేజీ చూసే గదా మన కాలేజీకొచ్చింది?"

ఆ పిల్ల లేచి చున్నీ సర్దుకుంది. భయపడినట్టు లేదు.

"నేను చూల్యా సార్. మా మేనత్త చెప్తే వచ్చి చేరినా. చూసింది మా యక్క. హాస్టలుందో లేదో అని మీదికీ కిందికీ వెతికి, యాడ చూసినా మీరే ఉంటే, పోయి నర్సింగులో చేరె."