మణికట్టు మీద తెల్లమచ్చ

మా బావ కత్తెర పట్టుకుంటే కుర్చీలో ఉన్నవాడికి కునుకు పట్టేది. నేను పట్టుకుంటే వాడు కళ్ళింతలు చేసుకుని అద్దంలోకి చూసేవాడు. అందుకే దుకాణంలో గుమ్మం దగ్గరి కుర్చీ ఆయనది, ఫ్యాను గాలి తగలని మూల కుర్చీ నాది. "నీ చేత చేయించుకుని ఇంటికెళ్తే పెళ్ళాం కూడా గుర్తుపట్టదురా" అనేవాడు. అక్క మొగుడు కాబట్టి పడేవాణ్ణి.

అలాంటి బావ చేతికి బొటనవేలి మొదట్లో నొప్పి పట్టుకుంది. కత్తెర తెరిస్తే నొప్పి, మూస్తే నొప్పి. చివరికి చొక్కా గుండీలు కూడా అక్కే పెట్టాల్సి వచ్చింది. మాత్రలూ కట్లూ అయ్యాక, ఎముకల డాక్టరు మణికట్టు దగ్గర స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తానన్నాడు. మాటిమాటికీ వేయించుకుంటే లోపలి స్నాయువు దెబ్బతింటుందనీ, షుగరు ఉన్నవాళ్ళకి కొన్నాళ్ళు పెరుగుతుందనీ, కొందరికి సూది గుచ్చిన చోట చర్మం రంగు పోతుందనీ ముందే చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను, ఆయన ఏదీ దాచలేదు. బావ అన్నిటికీ తలూపాడు. నొప్పితో ఉన్నవాడు దేనికైనా తలూపుతాడు.

నొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. బావ మళ్ళీ ఈల వేసుకుంటూ గడ్డాలు గీశాడు. ఆ తరవాత మచ్చ మొదలైంది. ముందు గోరంత, ఆపైన గుండీ అంత, చివరికి మోచేతి వైపు పాకిన తెల్లటి చార. నల్లటి చేతి మీద సున్నం చిందినట్టు కనిపించేది.

ఎవరూ నోరు తెరిచి ఏమీ అనలేదు. "మీ బావమరిది ఖాళీ అయ్యేదాకా కూర్చుంటాలే, తొందరేముంది" అనేవాళ్ళు, ఖాళీగా ఉన్న బావ కుర్చీ ముందే నిలబడి. నా పని చూసి మొహం చిట్లించినవాళ్ళే నా కోసం వరసలో కూర్చున్నారు. అందులో సగం మంది పాలపళ్ళ వయసు నుంచీ బావ చేతి కింద తల వంచినవాళ్ళే. బొల్లి అని ఒకడు గుసగుసలాడాడు. బొల్లి అయినా అంటుకోదురా మొద్దూ అని అరవాలనిపించింది. ఒళ్ళు మండిపోతున్నా వాడి గడ్డం గీసి పంపాను.

బావ మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. నేనూ వెళ్ళాను.

"ఇది అంటుకునేది కాదయ్యా. నెలలు పడుతుంది గానీ చాలామందికి రంగు తిరిగొస్తుంది. ఒక్కోసారి పూర్తిగా రాకపోవచ్చు" అన్నాడు డాక్టరు.

"ఆ మాట నేను చెబితే ఎవరూ నమ్మట్లేదు సార్. మీరొక్కసారి దుకాణానికి వచ్చి నా కుర్చీలో కూర్చోండి చాలు. నోటితో ఏమీ చెప్పక్కర్లేదు" అన్నాడు బావ.

"దానికేం, ఆదివారం వస్తాను."

ఆదివారం బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, మచ్చ కనబడేలా చేతులు పైకి మడిచాడు. బెంచీ నిండా జనం. డాక్టరు మాట తప్పలేదు. లోపలికి వచ్చి, నేరుగా బావ కుర్చీలో కూర్చున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. బెంచీ మీదివాళ్ళ మొహాలు ఒక్కొక్కటీ కసిదీరా చూశాను.

బావ గుడ్డ కప్పి, నీళ్ళు చిలకరించి, తల తిప్పడానికి ఆయన చెంప మీద చెయ్యి వేశాడు. డాక్టరు మెడ కాస్త పక్కకి లాక్కున్నాడు. అద్దంలో అందరం చూశాం.

"గ్లౌజులున్నాయా?" అన్నాడు మెల్లగా. "ఏం లేదు, ఎందుకైనా మంచిదని."

జుట్టుకి రంగు వేసేటప్పుడు వాడేవి ఉన్నాయి. బావ తొడుక్కున్నాడు. ఎప్పటికంటే శ్రద్ధగా కత్తిరించాడు. డాక్టరు అద్దంలో అటూ ఇటూ చూసుకుని, చాలా బాగుందని మెచ్చుకుని వెళ్ళాడు. తెలిసినవాడే అలా అంటే తెలియనివాళ్ళని నేనేమనాలి? బెంచీ మీద మొదట కూర్చున్నవాడు లేచి, బావ పక్కనుంచే నడిచొచ్చి, నా కుర్చీలో కూర్చున్నాడు.

సాయంత్రం నేను వెంట్రుకలు ఊడుస్తుంటే, బావ నా దువ్వెనలూ కత్తెరలూ తెచ్చి గుమ్మం దగ్గరి అద్దం ముందు సర్దాడు.

"రేపటి నుంచి నువ్విక్కడ చెయ్యి."

"అదేంటి బావా? నీ చెయ్యి బాగానే ఉందిగా."

"బాగానే ఉందిరా" అన్నాడు. "ఎవరైనా అడిగితే మాత్రం, నొప్పి మళ్ళీ వచ్చిందని చెప్పు."