మూడో వారం

అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. పెర్త్ శివారు హారిస్‌డేల్‌లో కనకదుర్గ ఆడిన అబద్ధం ఎంత చక్కగా అతికిందంటే, దాన్ని ఊడబీకడం ఆమె వల్ల కూడా కాలేదు.

ఆమె భర్త శ్రీపతి ఉత్తరాన గనుల్లో ఇంజనీరు. రెండు వారాలు సైటులో, మూడో వారం ఇంట్లో. పెర్త్‌లో ఇలా విమానమెక్కి పనికెళ్లే మొగుళ్లు వీధికి నలుగురుంటారు. రెండేళ్ల కిందట అతను ఆ ఉద్యోగాన్నీ, ఈవిడనీ ఒకేసారి వదిలేసి బ్రిస్బేన్‌లో ఇంకొకావిడతో కాపురం పెట్టాడు. ఆ వారమే ఎవరో అన్నయ్యగారు ఏరని అడిగితే, దుర్గకు అలవాటైన మాటే నోటికొచ్చింది. సైటుకెళ్లారంది.

సైటుకెళ్లిన మనిషి తిరిగి రావాలి కదా! అందుకని ప్రతి మూడో వారం దుర్గే అతన్ని ఇంటికి రప్పించేది. సోమవారం పొద్దున్నే అతను వదిలేసిన పసుపుపచ్చ సైటు చొక్కాలు రెండు ఉతికి, కంచె అవతల పక్కింటి జయశ్రీకి కనపడేలా పెరట్లో తీగ మీద ఆరేసేది. ఇండియన్ షాపులో కిలో మేకమాంసం కొనేది. మొగుడు ఇంట్లో ఉన్న వారం ఆడది పేరంటాలకు తిరిగితే ఏం బాగుంటుందని, పిలిచినా ఎవరింటికీ వెళ్లేది కాదు. ఆ కూర ఒక్కతే నాలుగు రోజులు తినేది. మిగతా రెండు వారాలూ ఎలాగో గడిచిపోయేవి. ఈ వారమే ఇల్లు మీద పడేది. పిచ్చి మనిషి కాకపోతే, ఒంటరితనాన్ని క్యాలెండర్ చూసుకుని మరీ ఎవరు పాటిస్తారు?

ఆ వారాల్లో ఆమెకు తోడు టీవీలో ఒక కామెడీ. అందులో బెవర్లీ అని నలభై అయిదేళ్ల మనిషి. మొగుడు వెళ్లిపోయాక అద్దం ముందు నిలబడి తన పొట్టతో పోట్లాడుతుంది, హోటల్‌కి ఒక్కతే వెళ్లి ఇద్దరి భోజనం ఆర్డరు చేస్తుంది, చివరికి మెల్లగా తనతో తను సర్దుకుంటుంది. దుర్గ పగలబడి నవ్వేది. ఆ నవ్వు హాల్లో ఒక్కటే వినిపించి, ఆమెకే సిగ్గేసి ఆగిపోయేది.

ఆ శనివారం మధ్యాహ్నం బెవర్లీకి తల్లి ఫోన్ చేసింది. మొగుడు స్నానం చేస్తున్నాడంది బెవర్లీ. నెల రోజులుగా అదే జవాబు. "ఇన్ని రోజుల స్నానమా? మనిషి కరిగిపోలేదు కదా!" అంది తల్లి. టీవీలో జనం గొల్లున నవ్వారు. దుర్గకు మాత్రం నవ్వు రాలేదు. చివరికి బెవర్లీ, అతను వెళ్లిపోయాడమ్మా, నేనిక్కడే ఉన్నాను, నాతో మాట్లాడు అంది.

అప్పుడే తలుపు చప్పుడైంది. కుంకుమభరిణె పట్టుకుని జయశ్రీ.

"సారీ దుర్గా, అన్నయ్యగారు వచ్చిన వీక్‌లో డిస్టర్బ్ చేస్తున్నా. మేం కొత్తగా కొన్న ఇంట్లో రేపు సండే వ్రతం. బొట్టు పెట్టి పిలవాలి కదా, ఇంక ఆగడానికి లేదు. ఇద్దరూ రావాలి."

ఎప్పటిలాగే ఓ మాట చెప్పేసి పంపించేయచ్చు. దుర్గ నోరు తెరిచింది, ఆ మాట రాలేదు.

"ఆయన లేరక్కా. ఈ వారమే కాదు, ఏ వారమూ రారు. మేం విడిపోయి రెండేళ్లయింది."

జయశ్రీ ఉలిక్కిపడలేదు. చేతిలో భరిణెను అటూ ఇటూ తిప్పింది.

"తెలుసమ్మా."

"ఎప్పట్నించి?"

"మొదటి నెల్లోనే. ఆయన రిజైన్ చేసి బ్రిస్బేన్ వెళ్లిపోయారని మా ఆయన ఆఫీసులో ఎవరో చెప్పారు. నువ్వు చెప్పుకోలేదు, మేమెందుకు అడిగి బాధపెట్టాలని ఊరుకున్నాం. లైన్ మీద షర్ట్స్ కనపడగానే మన ఆడవాళ్లందరికీ మెసేజ్ పెట్టేదాన్ని, ఈ వీక్ ఎవరూ దుర్గ వాళ్లింటికి వెళ్లొద్దని. నీ మర్యాద కాపాడదామనే."

దుర్గ కళ్ల ముందు ఆ వారాలన్నీ తిరిగాయి, ముప్ఫయ్యో, ముప్ఫై అయిదో. గోడకు ఇవతల తను నోరు మూసుకుని కూర్చుంది. గోడకు అవతల వీళ్లు జాలిపడి, జాగ్రత్తపడి, కాలు పెట్టకుండా ఉన్నారు. మొగుడు వెళ్లిన రోజు రాని ఏడుపు ఇప్పుడు తన్నుకొచ్చింది.

జయశ్రీ కంగారుగా ఆమె నుదుట బొట్టు పెట్టింది. "సండే నువ్వొక్కదానివే రామ్మా. నిన్నే పిలుస్తున్నా."

"వస్తాను," అంది దుర్గ. కళ్లు తుడుచుకుంది. "కానీ అక్కా, ఒక్కసారి, ఒక్క వారం తలుపు కొట్టి ఉండాల్సింది."