వీపు లేని కోటు

నేను ఒక కోటును. ఉన్నమాట చెప్పాలంటే కోటులో ముందు భాగాన్ని. నాకు వీపు లేదు.

పుట్టినప్పుడు ఉండేది. చీరాలలో మస్తాన్ అనే దర్జీ నన్ను ఒక పెళ్ళికొడుకు కోసం కుట్టాడు. కొలతలు తీసుకున్నాక ఆ పెళ్ళికొడుకు కాబోయే అత్తవారింట్లో విందులు ఆరగించి, ముహూర్తం నాటికి నాలో పట్టకుండా పోయాడు. మస్తాన్ నన్ను ఫొటో స్టూడియో గరటయ్యకు వచ్చిన ధరకు అమ్మేశాడు. గరటయ్య తీసుకెళ్ళీ తీసుకెళ్ళగానే కత్తెరతో నా వీపు నిలువునా చీల్చాడు. అలాగైతే లావువాళ్ళకూ బక్కవాళ్ళకూ సరిపోతానట. టై కూడా కాలరుకే కుట్టేశాడు. పై గుండీ ఊడిపోతే ఆయన భార్య పద్మావతమ్మ తన జాకెట్టుకు కుట్టగా మిగిలిన ఎర్ర గుండీ వేసింది. నల్లకోటుకు ఎర్ర గుండీ. ఎవరు చూడొచ్చారులే అనుకుంది.

ఆ రోజుల్లో నాది రాజభోగం. నన్ను తొడుక్కోగానే ఎంతటి పిరికివాడైనా మెడ నిటారుగా పెట్టి కలెక్టరులా చూసేవాడు. విప్పగానే మళ్ళీ మామూలు మనిషై, "ఫొటో బాగా పడిందా గరటయ్యా?" అని దిగులుగా అడిగేవాడు.

తర్వాత కంప్యూటరు వచ్చింది. గరటయ్య నన్ను హ్యాంగరుకు తగిలించి ఒక్క ఫొటో తీసి, ఆ బొమ్మనే అందరి మెడల కిందా అతికించడం మొదలుపెట్టాడు. నేను మేకుకు వేలాడుతుంటే నా బొమ్మ వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో, పుట్టినరోజు ఫ్లెక్సీల మీద ఊరేగింది. దానికి చెమట పట్టదు, మడత పడదు, చిమటలు కొట్టవు. అది నేనే, కానీ నాకంటే బాగుంటుంది. దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది.

అప్పుడు ఏడుకొండలు వచ్చాడు. రెండేళ్ళుగా ఉద్యోగం కోసం తిరుగుతున్న కుర్రాడు. గరటయ్య వాడి ఫొటోకు నా బొమ్మ తగిలించాడు. రంగు తేల్చాడు, చెంప మీది పెద్ద పుట్టుమచ్చ తీసేశాడు, పలచబడ్డ జుట్టు నింపాడు. ఏడుకొండలు మురిసిపోయి ఆ ఫొటోను ఫోనులో దొరికిన చోటల్లా పెట్టాడు. ఒకచోట వ్యాపారవేత్త, ఒకచోట సంగీతప్రియుడు, పెళ్ళి సంబంధాల సైటులో మితభాషి. ఒంగోలులో ఒక ఫైనాన్సు కంపెనీకి దరఖాస్తు కూడా ఆ ఫొటోతోనే పంపాడు. ఫోనులోనే మాట్లాడి ఉద్యోగం ఇచ్చేశారు.

మొదటిరోజు వెళ్ళిన వాడు ఏడుపు మొహంతో స్టూడియోకు వచ్చాడు.

"గేటు దగ్గర మొహం చూసే మిషనుంది బాబాయ్. దాన్లో మనం తీసిన ఫొటోనే ఎక్కిచ్చారు. నన్ను చూసి నువ్వు కాదంటంది. వాచ్‌మేనేమో, ఫొటోలో ఉన్నాయన్ని పంపిచ్చు, నువ్వెందుకొచ్చావ్ అంటన్నాడు. రేపు గూడా ఇంతే అయితే ఇంకోణ్ణి తీసుకుంటారంట!"

గరటయ్య కాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఫొటో నీలాగా లేకపోతే ఏమైందిరా? నువ్వే ఫొటోలాగా పో."

మర్నాడు పొద్దున్నే నన్ను మేకు మీంచి దించాడు. ఏడుకొండలు మొహానికి పౌడరు దట్టించి, పుట్టుమచ్చ మీద మరో పూత పూసి, నన్ను తొడిగాడు. ఎన్నేళ్ళకో నాకు మనిషి వెచ్చదనం తగిలింది. వాడి గుండె దడదడా కొట్టుకుంటుంటే నాకూ భయమేసింది. ఈ పిల్లవాడి ఉద్యోగం నిలవాలని వెయ్యి దేవుళ్ళకు మొక్కాను. బస్సులో వాడు నా చీలిక కనబడకుండా సీటుకు వీపు ఆనించి, ముసలావిడ నిలబడి ఉన్నా లేవకుండా తిట్లు తిన్నాడు.

గేటు యంత్రం మళ్ళీ కాదంది. వాచ్‌మేన్ వాణ్ణి మేనేజరు గది వరకు లాక్కుపోయాడు.

"సార్, వెనకంతా చిరుగు సార్. ఎవరో దొంగ సచ్చినోడు!"

మేనేజరు మల్లికార్జునరావు తలెత్తాడు. ఆయన చూపు ఎర్ర గుండీ మీద ఆగిపోయింది. నేనూ ఆయన తల వెనక గోడ వైపు చూశాను. పటంలో నిండు జుట్టుతో నవ్వుతున్న ఆయన మొహం కింద ఉన్నది నేనే, ఎర్ర గుండీతో సహా!

వాచ్‌మేన్‌ను పంపించేసి, ఆయన తలుపు వేశాడు.

"గరటయ్య బాగున్నాడా?"

ఏడుకొండలు తలూపాడు.

"ఆ మిషను నన్నూ గుర్తుపట్టదయ్యా. మొదట్నుంచీ వెనక గేట్లోంచే వస్తున్నా. పద, మొహం కడుక్కో."

ఇద్దరూ మొహాలు కడుక్కుని, యంత్రం ముందు నిలబడి కొత్త ఫొటోలు దిగారు. ఒకరికి పుట్టుమచ్చ, ఇంకొకరికి బట్టతల. యంత్రం మారుమాట్లాడకుండా గేటు తీసింది. ఏడుకొండలు ఉద్యోగం నిలబడింది.

సాయంత్రం వాడు నన్ను మడతపెట్టి తెచ్చి గరటయ్య చేతికిచ్చాడు. నేను మళ్ళీ మేకెక్కాను. ఇప్పుడు నాకు నా బొమ్మ మీద కోపం లేదు. దానికి ఎన్ని మెడలైనా దొరకనీ, గుండె చప్పుడు విన్నది మాత్రం నేనే.

"పెళ్ళి సంబంధాల దాంట్లో గూడా ఫొటో మార్చేశావా?" అడిగాడు గరటయ్య.

ఏడుకొండలు సిగ్గుపడ్డాడు. "అక్కడెందుకు బాబాయ్? వాళ్ళింటి గేటుకు మిషనుండదుగా!"

గరటయ్య పకపకా నవ్వాడు. "పిల్ల నాయనమ్మ ఉంటదిరా!"