మా ఆయన బీపీ

మా ఆయనకి బీపీ తగ్గిందని భవానీపురమంతా చెప్పుకుంటారు. నిజమే, తగ్గింది. తగ్గక ఏం చేస్తుంది? ఆయన పడాల్సిన బాధలన్నీ నేను పడుతున్నాను కాబట్టి నాకు పెరిగింది, అంతే తేడా.

మా ఆయన వెంకటసుబ్బారావు గారు. ఆటోనగర్‌లో లారీల స్పేర్ పార్టుల షాపు నడిపారు. గుండెకి స్టెంటు వేశాక షాపు మా అబ్బాయికి అప్పగించి ఇంట్లో కూర్చున్నారు. టెన్షన్ పడకండి, సంతోషంగా ఉండండి అని డాక్టరుగారు మాటవరసకి అన్నారు. ఉప్పు తగ్గించమనీ, రోజూ నడవమనీ కూడా చెప్పారు. అవేవీ ఈయన చెవికెక్కలేదు, సంతోషం ఒక్కటే ఎక్కింది. నెల తిరక్కుండా కృష్ణ ఒడ్డున పార్కులో నవ్వుల క్లబ్బు పెట్టి, తానే ప్రెసిడెంటు అయిపోయారు. నవ్వితే రక్తం బాగా ఆడుతుందట, షుగరు దిగుతుందట, నిద్ర పడుతుందట. ఎవరు కనబడినా అదే పాఠం.

ఇంట్లోకి చెడ్డ కబురు రాకూడదని చట్టం పెట్టారు. ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా, ఎవరు పోయినా ఆ ఫోన్లన్నీ నాకే. వంటింట్లో కూర్చుని ఏడ్చేదాన్ని నేను, ముఖం కడుక్కుని కాఫీ తీసుకుని హాల్లోకి వెళ్లేదాన్ని నేను. పరామర్శలకి వెళ్లేదాన్నీ నేనే. నా గుండె సంగతి నీకు తెలుసుగా అని ఆయన టీవీలో కామెడీ సీన్లు పెట్టుకునేవారు. ఇన్నాళ్లూ పళ్ల బిగువున ఊరుకున్నాను.

చల్లపల్లిలో మా వదినగారు సంపూర్ణమ్మ గారు మంచాన పడేసరికి మాత్రం ఊరుకోవడం నా వల్ల కాలేదు. ఈయనకి ఆవిడ ఉత్త అక్క కాదు. చిన్నప్పుడే తల్లి పోతే అన్నం కలిపి పెట్టిన మనిషి. పెళ్లయి అత్తారింటికి వెళ్తూ తమ్ముణ్ణి కూడా వెంట తీసుకెళ్లి, ఆ ఇంట్లో వాళ్ల మాటలన్నీ పడి పెంచింది. అలాంటి మనిషికి కిడ్నీలు రెండూ పాడై, ఇక లాభం లేదు, ఇంటికి తీసుకెళ్లండి అన్నారు. నేను బస్సెక్కి వెళ్లాను. నన్ను చూసి, నా వెనకాల గుమ్మం వైపు చూసింది. "వాడేడీ?" అంది. వస్తున్నారు వదినా అని అబద్ధమాడాను. ఆ మాటకే నాలుగు చెంచాల గంజి తాగింది.

తిరిగొచ్చి, చట్టం పక్కనబెట్టి ఆయనకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ ప్రాణం మీ కోసమే కొట్టుకుంటోంది, ఒక్కసారి కనబడి రండని కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. ఆయన చెవులు మూసుకున్నారు. నిజంగానే, రెండు చేతులతోనూ, చిన్నపిల్లాడిలా.

"ఆదివారం క్లబ్బు వార్షికోత్సవం మాణిక్యం. ఇప్పుడు అక్కని ఆ స్థితిలో చూస్తే నేను నవ్వగలనా? అది కానివ్వు, వెళదాం" అన్నారు. తర్వాత మేడ మీదికి వెళ్లి హహ్హహ్హా అని ప్రాక్టీసు చేసుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆదివారం తెల్లవారుతుండగా వదినగారి కూతురు సింధూరి ఫోన్ చేసింది. అమ్మ పోయింది అత్తయ్యా అని ఏడ్చింది. ఆ ఏడుపులో కూడా, మామయ్య గుండె తట్టుకుంటుందో లేదో అని ఈయన గురించే బెంగపడింది పిచ్చిది. అంతలో ఈయన స్నానం చేసి ఈల వేసుకుంటూ బయటికొచ్చారు. నేను నోరు విప్పబోతే వేలు చూపించి, ఇవాళ ఏదీ వద్దు అన్నారు. సరే అన్నాను.

పార్కులో షామియానా, కుర్చీలు, మైకు. ఆ క్లబ్బులో ఒక పద్ధతుంది. ఒక్కొక్కరే మధ్యలోకొచ్చి తమ బాధేదో చెప్పాలి. చెప్పగానే చుట్టూ ఉన్నవాళ్లంతా చేతులెత్తి పగలబడి నవ్వాలి. అలా నవ్వితే బాధ దూదిపింజలా ఎగిరిపోతుందని మా ఆయన సిద్ధాంతం. ఒకాయన మోకాళ్ల నొప్పి చెప్పాడు, నవ్వారు. ఒకావిడ కొడుకు తనతో మాట్లాడటం మానేశాడని కళ్లనీళ్లతో చెప్పింది పాపం, ఇంకా గట్టిగా నవ్వారు. ఆఖరున ఈయన మైకు పుచ్చుకుని, మా ఆవిడ ఎప్పుడూ ముఖం మాడ్చుకునే ఉంటుంది, ఇవాళ తనకీ ట్రీట్‌మెంట్ ఇద్దామని నన్ను పిలిచారు. జనం చప్పట్లు కొట్టారు.

వెళ్లాను. మైకు అందుకున్నాను.

"మా వదినగారు సంపూర్ణమ్మ గారు ఇవాళ తెల్లవారుజామున చల్లపల్లిలో పోయారు. తమ్ముడి కోసం ఎదురుచూసి ఎదురుచూసి పోయారు" అన్నాను.

అలవాటు ఎంత గట్టిదో చూడండి. చేతులన్నీ పైకి లేచాయి. అంతా నవ్వారు. అందరికంటే పెద్దగా, పొట్ట పట్టుకుని మరీ మా ఆయన నవ్వారు. నవ్వు సగంలో ఉండగా మాట బుర్రకెక్కింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. వెనక వరసలవాళ్లు మాత్రం ఇంకాసేపు నవ్వారు.

అట్నుంచటే కారులో చల్లపల్లి బయల్దేరాం. ఉయ్యూరు దాటాక ఆయన నా వైపు చూడకుండా, "అక్క నన్ను అడిగిందా?" అన్నారు.

అడగలేదండీ, తెలివిలో లేదు అని ఒక్క ముక్క అంటే ఆయన ప్రాణం కుదుటపడేది. గుండె జబ్బు మనిషికి అలాగే చెప్పాలి కూడా. ఆ మేలు చెయ్యడానికి నాకు మనసొప్పలేదు.

"అడిగింది. మాట పడిపోయేదాకా అడుగుతూనే ఉంది" అన్నాను.